పరీక్షతో ముగిసిపోకూడని చదువు: నిత్యజీవితంలో వృక్షశాస్త్రం

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనాలు కొన్న రైతుకు వాటితో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనాల ప్యాకెట్ కూడా ఏళ్ల తరబడి చేతికందింది. పొలం చుట్టూ వాటిని వరుసలుగా వేయాలన్నది నిబంధన. చాలామంది వేయలేదు. డబ్బు పెట్టి పురుగు పట్టని విత్తనం కొన్నాక, పురుగు కోసం గట్ల వెంట పంట పెంచడమేమిటన్నది రైతు సందేహం. న్యాయమైన సందేహమే. దానికి జవాబు పురుగు జన్యువుల్లో ఉంది. బీటీ పత్తి కాయను తొలిచిన గులాబీ రంగు పురుగుల్లో దాదాపు అన్నీ చస్తాయి. పుట్టుకతోనే బీటీ పత్తిలోని విషాన్ని తట్టుకునే గుణమున్నవి ఒకటీ అరా మిగులుతాయి. చుట్టూ బీటీ పత్తి తప్ప మరేదీ లేకపోతే ఆ మిగిలినవి తమలో తామే జతకట్టి, విషానికి లొంగని సంతానాన్ని కంటాయి. పక్కన మామూలు పత్తి ఉంటే దాని మీద బతికే వేలాది మామూలు రెక్కల పురుగులతో జతకడతాయి. అలా పుట్టిన పిల్లల్లో చాలా మటుకు మళ్లీ బీటీకి లొంగిపోతాయి. ఈ తర్కం గట్టు దాకా చేరలేదు. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి తరం బీటీని, 2014-15 నాటికి రెండో తరం బీటీని తట్టుకున్న గులాబీ పురుగు బయటపడింది. ఆ తర్వాత తెలుగు రాష్ట్రాల పత్తి రైతులు కూడా దాని దెబ్బ తిన్నారు. అమెరికాలోని అరిజోనాలో ఇదే పురుగు మీద ఇదే రకం పత్తిని వాడారు. అక్కడి రైతులు మామూలు పత్తిని నియమంగా వేశారు, తర్వాత వంధ్య పురుగులను వదిలారు. 2018లో అమెరికా తన పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు నిర్మూలన అయిందని ప్రకటించింది. మన దగ్గర వేరే కారణాలూ ఉన్నాయి: పంటను ఫిబ్రవరి, మార్చి దాకా పొలంలోనే ఉంచేలా చేసిన దీర్ఘకాలిక హైబ్రిడ్లు, కొన్నిచోట్ల నాసిరకంగా వచ్చిన ఆ చిన్న ప్యాకెట్ విత్తనాలు. తప్పంతా రైతుదని అనలేం. కానీ మామూలు పత్తి ఎందుకు వేయాలో తెలిసిన రైతులు ఎక్కువమంది ఉంటే, నాసి విత్తనాన్ని నిలదీసేవాళ్లూ ఎక్కువమందే ఉండేవారు.

ఈ ఉదంతంలో శాస్త్రానికి లోటు లేదు. ప్రయోగశాలకు తెలిసినది నిబంధనగా మారింది, విత్తనాల సంచిలోకి కూడా చేరింది. చేరనిది దాని వెనకున్న కారణం. వృక్షశాస్త్రం ఎందుకు చదవాలి అన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు తొలి పేజీలోనే ఒక జవాబు చెబుతుంటాయి: తిండి, బట్ట, మందు, కలప, ప్రాణవాయువు మొక్కలే ఇస్తాయి గనుక. మాట నిజమే గానీ, అది చదవడానికి కారణం కాదు. మనం చదివినా చదవకపోయినా వరి పండుతుంది, వేప నీడనిస్తుంది. చదవాల్సిన అవసరం మన నిర్ణయాల నుంచి వస్తుంది. ఏ మొక్క నాటాలి, ఏ ఆకు మందుగా మింగాలి, ఏ పండు కొనాలి, ఏ చెట్టు కొట్టేయాలి, ఏ మందు ఎప్పుడు కొట్టాలి అన్న నిర్ణయాలు రోజూ కోట్లమంది తీసుకుంటున్నారు. వీటిలో ఎక్కువ భాగం చిన్నవి, విడివిడిగా చూస్తే హాని లేనివి. కలిస్తే మాత్రం ఒక జిల్లా పంటను, ఒక నగరం గాలిని, ఒక కుటుంబం ఆరోగ్యాన్ని మార్చేంతవి. అందుకే నిపుణుల దగ్గర ఎంత విద్య ఉన్నా, ఆచరించాల్సిన వాళ్లకు కారణం తెలియనంత వరకు అది ఫలించదు. వృక్షశాస్త్రం అందరికీ కొంతైనా ఎందుకు తెలిసి ఉండాలో తేల్చుకోవాలంటే అది పనికొచ్చే చోట్లన్నిటినీ వరసగా పరిశీలించాలి.

ఏ మొక్క అన్న ప్రశ్న

మొదటి అవసరం గుర్తుపట్టడం. 1998లో ఢిల్లీలో ఆవనూనె వాడిన వేలమందికి ఒళ్లు వాచింది, 60 మందికి పైగా చనిపోయారు. ఆవాల్లో బలురక్కసి గింజలు కలవడమే కారణం. పసుపు పూలతో, ముళ్ల ఆకులతో బీళ్లలోనూ రోడ్ల పక్కనా పెరిగే ఈ కలుపు గింజలు ఆవాల్లాగే చిన్నగా, నల్లగా ఉంటాయి. వాటి నూనెలో ఉండే సాంగ్వినరిన్ అనే ఆల్కలాయిడ్ రక్తనాళాలను దెబ్బతీస్తుంది. వ్యాపారి దురాశ నేరమే. అయితే ఈ కల్తీ పొలంలో కలుపు దగ్గరే మొదలుకావచ్చు, కోతలో కలిసిపోవచ్చు, గానుగలో ఎవరూ చూడకపోవచ్చు. గుర్తుపట్టగల ఒక్క కన్ను ఈ దారిలో ఎక్కడున్నా ప్రమాదం అక్కడే ఆగుతుంది.

కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం ఇంటింటికీ చేరింది. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని ఒక వైద్య పత్రికలో రాశారు. కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ దాన్ని ఖండిస్తూ, వాడినది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలి ఉండే మరో టినోస్పోరా జాతి తీగనా అన్నది తేల్చకుండా నింద వేయకూడదంది. తర్వాత దేశంలోని 13 వైద్యకేంద్రాలు కలిసి 43 మంది రోగుల వివరాలతో మరో అధ్యయనం వెలువరించాయి. అంతకు ముందే లోపల దాగి ఉన్న కాలేయ సమస్యలను తిప్పతీగ పైకి తెచ్చి ఉండవచ్చన్న అనుమానం దాంతో బలపడింది. ఈ వాదంలో ఎవరి పక్షం వహించినా ఒక విషయం ఒప్పుకోవాలి. ముందు జాతి తేలాలి, తర్వాత మోతాదు, ఆ తర్వాత వాడే మనిషి ఒంటితీరు. ఈ మూడూ తేలకుండా మంచిదనడం, చెడ్డదనడం రెండూ తొందరపాటే. పెరట్లో తీగ కోసి మరగబెట్టుకున్న ఇంట్లో ఈ మూడు ప్రశ్నలూ అడిగేవారు లేకపోవడమే అసలు చిక్కు.

గుర్తుపట్టడమంటే ఒక్కో మొక్కనూ విడిగా కంఠస్థం చేయడం కాదు. వాటి బంధుత్వాలు తెలిస్తే చాలావరకు ముందే ఊహించవచ్చు. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబం ఘాటైన రసాయనాలకు పెట్టింది పేరు. గన్నేరు, పచ్చగన్నేరుల్లో గుండె కొట్టుకునే తీరును తారుమారు చేసే గ్లైకోసైడ్లు ఉన్నాయి, పచ్చగన్నేరు కాయ పిల్లల ప్రాణం తీయగలదు. బిళ్ళగన్నేరు నుంచి 1950ల చివర కెనడా శాస్త్రజ్ఞులు వేరుచేసిన విన్‌బ్లాస్టిన్, దాని వెంటే వచ్చిన విన్‌క్రిస్టిన్ పసిపిల్లల రక్తక్యాన్సర్‌తో సహా పలు క్యాన్సర్లకు ఇప్పటికీ వాడే మందులు. ఒకే పెరట్లో పక్కపక్కన పూసే రెండు మొక్కల్లో ఒకటి విషం, మరొకటి మందుకు మూలం. మందుకు మూలమైనంత మాత్రాన రెండోది కూడా నమిలి మింగదగినదేమీ కాదు. శుద్ధిచేసి, కొలిచి, వైద్యుడి పర్యవేక్షణలో ఇచ్చినప్పుడే అది మందు. ప్రకృతి నుంచి వచ్చింది గనుక హాని చేయదన్న నమ్మకాన్ని చెరిపేయడానికి ఈ ఒక్క కుటుంబం పాఠం చాలు.

మొక్క పనిచేసే తీరు

పేరు తెలిశాక రెండో మెట్టు మొక్క లోపలి పని తెలియడం. వేరుశనగ రైతులకు జిప్సం వేయమని వ్యవసాయశాఖ చెబుతూనే ఉంటుంది. ఎకరాకు 200 కిలోలు, అదీ పూత మొదలై ఊడలు దిగే వేళకు, మొక్క మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. ఇంత కచ్చితంగా ఎందుకు? జిప్సంలోని కాల్షియం మొక్కలో నీటితో పాటు వేరు నుంచి పైకే పోతుంది, ఆకులు ఆవిరి వదిలే వైపుకే దాని ప్రయాణం. ఆకుల్లోకి చేరిన కాల్షియం మళ్లీ కిందికి దిగదు. నేలలో ఉన్న కాయ ఆవిరి వదలదు గనుక వేరు తాగిన కాల్షియం దానికి అందదు. తనకు కావలసినది అది తన తొక్కతోనే చుట్టూ ఉన్న మట్టి నుంచి పీల్చుకోవాలి. అందుకే ఆఖరి దుక్కిలో చల్లిన జిప్సం కంటే ఊడలు దిగే చోట, దిగే వేళకు వేసిన జిప్సం గింజ నిండడానికి ఎక్కువ పనికొస్తుంది. ఈ కారణం తెలిసిన రైతు వర్షం ఆలస్యమైన ఏడాది తేదీని చూడడు, మొక్కను చూసి నిర్ణయించుకుంటాడు. సిఫారసు మాత్రమే తెలిసిన రైతు తేదీకి వేస్తాడు, తాలు కాయలు వస్తే సిఫారసునే తప్పుపడతాడు.

యూరియా సంగతీ ఇంతే. నత్రజని ఎక్కువైన వరి ముదురాకుపచ్చగా ఏపుగా కనిపిస్తుంది, కంటికి అది బలంలా అనిపిస్తుంది. నిజానికి అలా పెరిగిన ఆకు కణజాలం మెత్తగా, రసంతో నిండి ఉండి అగ్గితెగులుకూ సుడిదోమకూ అనువవుతుంది, చేను పడిపోతుంది. ఒక బస్తా అదనంగా వేసిన చేతే ఆ తర్వాత పురుగుమందుకూ డబ్బు చెల్లిస్తుంది. మరోవైపు జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్ల వేళ్లమీది బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. ఆ బుడిపెను చీల్చి లోపల ఎర్రగా ఉందో లేదో చూస్తే అది పనిచేస్తున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు.

పొలం దాటి వంటింట్లోకి వచ్చినా అదే శాస్త్రం. మామిడి, అరటి, బొప్పాయి, టమాట కోశాక కూడా పండుతాయి, తమలో ఊరే ఇథిలీన్ అనే వాయువే వాటిని పండిస్తుంది. ద్రాక్ష, నిమ్మ, నారింజ, దానిమ్మ కోశాక తీపెక్కవు. ఇది తెలిసినవారు పచ్చి ద్రాక్ష కొని పండుతుందని ఎదురుచూడరు, మగ్గిన అరటిపళ్ల పక్కన ఆకుకూరలు పెట్టరు. బియ్యం డబ్బాలో మామిడికాయలు దాచిన ఇళ్లలో కూడా జరిగేది ఈ వాయువును బయటికి పోనివ్వకపోవడమే. కార్బైడ్‌తో మగ్గబెట్టడాన్ని ఎందుకు నిషేధించారో, 100 పీపీఎం దాకా ఇథిలీన్ వాయువును ఎందుకు అనుమతించారో ఇక్కడే అర్థమవుతుంది. రెండోది పండు తానే తయారుచేసుకునే పదార్థం. మొదటిది తేమ తగిలి వదిలే ఎసిటిలీన్ వాయువుతో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలను కూడా తెస్తుంది. మగ్గబెట్టిన పండు ఏదైనా విషమేనని భయపడే కొనుగోలుదారుకు ఈ తేడా తెలియదు. ఆ తేడా తెలియకపోవడమే కార్బైడ్ వాడే వ్యాపారికి రక్ష.

పోషణ విషయంలో ఈ తెలివిడి విలువ మరింత ఎక్కువ. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, తెలుగు రాష్ట్రాల పరిస్థితి అంతకన్నా మెరుగేమీ కాదు. ఇనుము కోసం తోటకూర, పాలకూర తినమంటాం. మొక్కల్లోని ఇనుము మన పేగులకు అంత తేలిగ్గా అందే రూపంలో ఉండదు. గింజల్లోని ఫైటేట్లు, టీలోని టానిన్లు దాన్ని పట్టేసుకుంటాయి, విటమిన్ సి దాన్ని విడిపిస్తుంది. పప్పు మీద పిండిన నిమ్మచెక్క, భోజనమయ్యాక ఒక గంట ఆగి తాగిన టీ ఖర్చులేని మార్పులు. రక్తహీనతకు ఇవే పరిష్కారమని చెప్పడం అతిశయోక్తి. పేదరికం, నులిపురుగులు, ప్రసవాల భారం కూడా అందులో ఉన్నాయి. అయినా ఉన్న తిండి నుంచే కాస్త ఎక్కువ రాబట్టుకోవచ్చని తెలిసి కూడా చెప్పకపోవడానికి సమర్థన లేదు.

చెట్టు, చోటు

మూడో ప్రశ్న చోటుకు సంబంధించినది. ఒక మొక్క మంచిదా చెడ్డదా అన్నది అది ఎక్కడ, ఎంత మేర, వేటి మధ్య ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది. మెక్సికో వైపు నుంచి వచ్చిన వయ్యారిభామ మన దేశంలో 1955లో పుణె దగ్గర నమోదైంది, దిగుమతి గోధుమలతో వచ్చిందన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇప్పుడది ఊరి చివర ఖాళీ స్థలమంతా ఆక్రమించి చర్మానికి, శ్వాసకు ఇబ్బంది తెస్తోంది. పూతకు ముందే చేతికి తొడుగు వేసుకుని పీకేయడం, దాన్ని అణచగల తంటెం మొక్కను ఆ జాగాలో చల్లడం, దాని ఆకులు తినే మెక్సికో పెంకుపురుగును వదలడం వంటి మార్గాలు తెలిసినవే. పూత వచ్చాక కోసి రోడ్డు పక్కన పడేస్తే విత్తనాలను మనమే వెదజల్లినట్టు. శ్రమ రెండు పద్ధతుల్లోనూ ఒకటే. తేడా అంతా ఆ మొక్క బతుకుచక్రం తెలియడంలో ఉంది.

నగరాల్లో చెట్లు నాటే తీరు ఈ తెలివిడి లేమికి పెద్ద సాక్ష్యం. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం చెట్లను కూల్చేశాక, త్వరగా పెరుగుతుందని ఏడాకుల పాల చెట్టును విరివిగా నాటారు. ఏటా అక్టోబరు, నవంబరుల్లో దాని పూల ఘాటు తట్టుకోలేక, ఊపిరి ఆడక జనం ఫిర్యాదు చేస్తున్నారు. ఇదే చెట్టు పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం, శాంతినికేతన్‌లో దానికి గౌరవస్థానం ఉంది. తప్పు చెట్టుది కాదు, ఒకే వీధిలో ఒకే జాతిని బారులుగా నాటిన నిర్ణయానిది. కోనోకార్పస్ కథ మరో అంచు. నీళ్లు లేకున్నా పచ్చగా ఉంటుందని నర్సరీలు దాన్ని వేలల్లో పంచాయి. తర్వాత గాలి మారింది. గుజరాత్ 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది, తెలంగాణ కూడా వద్దంది. ఈ వాదంలో అది ఆక్సిజన్ ఇవ్వదని, కార్బన్ డయాక్సైడ్ మాత్రమే వదులుతుందని ప్రచారం జరిగింది. పచ్చని ఆకున్న ఏ చెట్టయినా కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది, ఆక్సిజన్ వదులుతుంది. లేకపోతే అది పెరగనే పెరగదు. ఏడో తరగతి పాఠం గుర్తున్న ఎవరైనా ఈ అబద్ధాన్ని అక్కడే ఆపగలరు. పైపులైన్లలోకి చొరబడే వేళ్లు, పుప్పొడి, మన పక్షులకూ పురుగులకూ ఈ పరాయి చెట్టు ఏ మేరకు ఆసరా ఇస్తుందన్న సందేహం, ఒకే జాతి మీద ఆధారపడే ముప్పు వంటివి చర్చించదగిన అంశాలు. ఆక్సిజన్ పుకారు వాటిని మింగేసింది. నాటినప్పుడు ఆలోచన లేదు, నరికేటప్పుడూ లేదు.

తెలంగాణలో 2021 నుంచి వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోవడం మొదలైనప్పుడు కూడా ఇలాంటి అయోమయమే నెలకొంది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు కారణమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు తేల్చారు. పైకి మోడుబారినట్టు కనిపించినా మొదలు బతికే ఉంటుంది, చెట్టు తిరిగి చిగురించగలదు, కొట్టేయవద్దని చెప్పారు. చాలా చెట్లు చిగురించాయి. కొమ్మ ఎండడానికి, చెట్టు చావడానికి మధ్య తేడా తెలిసిన ఇంట్లో గొడ్డలికి పని పడలేదు.

కలుపులో దాగిన పంట

అడవిలో, బీడులో ఉన్న పనికిరాని మొక్కలను ఎందుకు చదవాలన్నది తరచూ వినిపించే మాట. దీనికి చెరుకు చరిత్ర మంచి జవాబు. 1912లో కోయంబత్తూరులో మొదలైన చెరుకు పరిశోధన కేంద్రంలో సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్‌లు లావుపాటి తీపి చెరుకును వాగుల గట్ల మీది రెల్లుగడ్డితో సంకరం చేశారు. 1918లో విడుదలైన కో 205 ఉత్తర భారతపు చలికీ నీటి ఎద్దడికీ నిలిచింది. అక్కడే 1930లలో జానకి అమ్మాళ్ చెరుకు, దాని బంధువుల క్రోమోజోములను చదివారు. వరిలోనూ ఇంతే. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి రుచికి పేరు పొందింది గానీ బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను మామూలు సంకరణంతోనే అందులోకి తెచ్చి 2008లో మెరుగుపరిచిన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఆ మూడింటిలో ఎక్స్‌ఏ 21 అనే జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణకు రెండు వారాల ముంపును తట్టుకునే గుణం ఒడిశా రైతులు పెంచుకున్న ఒక పాత వరి నుంచి చేరింది. గోదావరి జిల్లాల అమృతపాణి అరటి పనామా తెగులుకు లొంగి తోటల్లోంచి తరిగిపోవడం దీనికి ఎదురు ఉదాహరణ. పిలకల ద్వారానే పెరిగే అరటిలో, ఒకే రకంలోని ఒక చెట్టుకు లేని నిరోధం మరే చెట్టుకూ ఉండదు. మన పళ్లెంలోని అన్నం రేపు కూడా ఉండాలంటే ఎవరూ పట్టించుకోని గడ్డి ఈ రోజు మిగలాలి. ఏది మిగల్చాలో చెప్పగలవాళ్లు ఆ గడ్డిని చదివినవాళ్లే.

అభ్యంతరాలు

తరతరాల అనుభవం ఉన్న రైతుకు పుస్తకం చెప్పేదేముందన్నది మొదటి అభ్యంతరం. ఆ అనుభవం తక్కువది కాదు. వృక్షశాస్త్రం మన నేల మీద నిలదొక్కుకున్నదే దాని సాయంతో. 1780లలో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను స్థానిక తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. 1859లో వాల్టర్ ఇలియట్ తెలుగు నేల మీది మొక్కల పేర్లకే ప్రత్యేకంగా ఫ్లోరా ఆంధ్రికా ప్రచురించాడు. పసుపుకు గాయాలు మాన్పే గుణాన్ని తన ఆవిష్కరణగా చూపి 1995లో తీసుకున్న అమెరికా పేటెంట్‌ను 1997లో సీఎస్ఐఆర్ రద్దు చేయించగలిగిందంటే, మన ఇళ్లలోని వాడుకకు రాతపూర్వక సాక్ష్యం ఉండబట్టే. అనుభవాన్ని శాస్త్రం కాపాడిన సందర్భమది. కానీ తాతలు చూడని పురుగు వస్తే తాతల అనుభవం ఏం చేయగలదు? 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల పూలలో చేరిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చినది. దాన్ని చూసి రైతులు వారానికి పలుమార్లు మందులు మార్చి మార్చి కొట్టారు. పూరేకుల మధ్య దాక్కున్న తామర పురుగు మిగిలింది, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చాయి. అంతకు ముందు కోనసీమ కొబ్బరిలో చుట్టలు చుట్టలుగా గుడ్లు పెట్టే తెల్లదోమ వచ్చినప్పుడు మాత్రం వేరే దారి తొక్కారు. అంబాజీపేట పరిశోధన కేంద్రం దోమను చంపే శిలీంధ్రాన్ని పెంచి ఇచ్చింది, రసాయనాలు వద్దని, దోమలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలను బతకనివ్వమని చెప్పింది. కొత్త పురుగు ఎదుట అనుభవానికి కారణ జ్ఞానం తోడైతే ఏమవుతుందో, తోడుకాకపోతే ఏమవుతుందో ఈ రెండు పంటలూ చెబుతున్నాయి.

ఫోన్‌లో ఫొటో తీస్తే మొక్క పేరు వస్తున్నప్పుడు చదువెందుకన్నది రెండో అభ్యంతరం. యాప్ చాలా సందర్భాల్లో సరైన పేరే చెబుతుంది, అది మంచి పనిముట్టు. అయితే పూత లేని తీగ ఫొటోకు అది ఇచ్చేది అంచనా మాత్రమే. రెండు దగ్గరి జాతుల్లో ఏదో తేల్చాలంటే కాండం మీది బుడిపెలు, ఆకు కాడ, కాయ చూడమని దాన్ని అడగడానికే కొంత తెలిసి ఉండాలి. పేరు వచ్చాక ఏం చేయాలన్నది అది చెప్పినా, ఆ సలహా మన నేలకూ మన వానకూ తగినదో కాదో తూచాల్సింది మనమే. యాప్ పెరిగేకొద్దీ పేర్లు గుర్తుంచుకునే భారం తగ్గుతుంది, అడగాల్సిన ప్రశ్న తెలియాల్సిన అవసరం పెరుగుతుంది.

నిపుణులున్నారు, వాళ్లు చెబితే చాలన్నది మూడోది. దీనికి పత్తే జవాబు. ఒక్క నిపుణుడు తీసుకుంటే సరిపోయే నిర్ణయాలు కొన్ని ఉంటాయి, వంతెన కట్టడం అలాంటిది. లక్షలమంది ఒకే తీరున నడిస్తే తప్ప ఫలించనివి మరికొన్ని. పురుగులో తట్టుకునే శక్తి పెరగడం, కలుపు వ్యాపించడం, కల్తీ చెలామణి కావడం ఈ రెండో కోవలోవి. వీటిలో నిపుణుడు ఆదేశించగలడు గానీ ప్రతి గట్టు మీదా నిలబడలేడు. పైగా విత్తనం అమ్మేవాడు, మందు అమ్మేవాడు, మొక్కలు సరఫరా చేసే గుత్తేదారు కూడా నిపుణుల మాటలే వాడతారు. ఎవరి మాటలో కారణం ఉందో, ఎవరి మాటలో సరుకు మాత్రమే ఉందో విడదీయడానికి వినేవాడికి కొంత శాస్త్రం కావాలి.

నాలుగో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. వృక్షశాస్త్రం ఇప్పటికే చదువుతున్నారు కదా, దాని వల్ల ఏం మారింది? నీట్‌లోని 180 ప్రశ్నల్లో సుమారు 45 వృక్షశాస్త్రానివే. ఏటా తెలుగు రాష్ట్రాల్లో వేలమంది పిల్లలు దాన్ని అణువణువూ వల్లెవేస్తున్నారు. పరీక్ష అయిన మర్నాడు అది మాయమవుతోంది. ఈ విమర్శ నిజం. అది చదువు వద్దనడానికి సాక్ష్యం కాదు, చదివించే తీరు మీద తీర్పు. సొలనేసి కుటుంబపు పుష్పసమీకరణం రాయగల విద్యార్థికి వంకాయ, టమాట, మిరప, బంగాళాదుంప, పొగాకు, ఉమ్మెత్త ఆ కుటుంబానివేనని తెలుసు. టమాటకు వచ్చిన బ్యాక్టీరియా వడలు తెగులు మట్టిలో నిలిచి తర్వాత వేసిన వంకాయనూ పట్టుకుంటుందని, అందుకే పంట మార్పిడిలో కుటుంబం మారాలని మాత్రం ఎవరూ చెప్పరు. కుటుంబమన్న భావన పుట్టిందే ఇలాంటి ఊహ చేయడానికి. ఆ ఊహను తీసేసి సమీకరణాన్ని మిగిల్చాం. మనిషి కళ్లు జంతువును పట్టుకుంటాయి, పచ్చదనాన్ని వెనకతెరగా వదిలేస్తాయని, దీన్ని మొక్కల పట్ల అంధత్వం అనవచ్చని అమెరికన్ విద్యావేత్తలు వాండర్సీ, షుస్లర్‌లు 1990ల చివర అన్నారు. మన తరగతి గది ఆ అంధత్వాన్ని పోగొట్టడం లేదు, దానికి మార్కులేస్తోంది.

కాబట్టి అడగాల్సింది ఎక్కువ పాఠాలు కాదు, తక్కువ పాఠాలను బయటికి తీసుకెళ్లడం. బడి చుట్టూ ఉన్న యాభై మొక్కలను పిల్లలు స్థానిక పేరుతో, శాస్త్రీయ నామంతో, వాటి హానితో, ఉపయోగంతో తెలుసుకోవాలి. ఒక చిక్కుడు గింజను మొలక నుంచి మళ్లీ గింజ దాకా చూసి రాసుకోవాలి. ఆవరణలోని ఒక చెట్టు ఏ నెలలో చిగురించి ఏ నెలలో పూసిందో ఏటా నమోదు చేసే పుస్తకం బడికి ఉండాలి. పదేళ్లకు అది ఆ ఊరి వాతావరణ మార్పుకు సాక్ష్యమవుతుంది. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు, ఉపాధ్యాయుడికి గది దాటే స్వేచ్ఛ తప్ప. ఇదంతా పదో తరగతి లోపే జరగాలి. తర్వాత దారులు చీలిపోతాయి. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లల్లో చాలామంది వైద్యానికి వెళ్తారు. రోడ్డు మధ్య ఏ చెట్టు నాటాలో టెండరు రాసే ఇంజనీరు, ఏ విత్తనానికి అప్పు ఇవ్వాలో చూసే బ్యాంకు అధికారి, ఆక్సిజన్ ఇవ్వని చెట్టు గురించి వార్త రాసే విలేఖరి, ఇంటికి కూరలు కొని వండే మనిషి చాలావరకు వేరే కోర్సుల నుంచే వస్తారు. మొక్కలకు సంబంధించిన పెద్ద నిర్ణయాల్లో ఎక్కువ భాగం వీళ్ల చేతుల్లోనే ఉంది. వృక్షశాస్త్రాన్ని డాక్టరు కాబోయే పిల్లల ప్రవేశపరీక్షకు వదిలేసినంత కాలం, ఆ శాస్త్రం అవసరమైన చోట ఉండదు, ఉన్న చోట దానితో పని పడదు.